షెన్‌మూలో ఎదురుచూపులు: గొప్పతనమా, లోపమా?

డోబుయిటా_బజారు:
2025 ఏప్రిల్‌లో బాఫ్టా (సినిమాలకీ గేమ్‌లకీ అవార్డులిచ్చే బ్రిటన్ సంస్థ) వాళ్లు అన్ని కాలాల్లోనూ అత్యంత ప్రభావం చూపిన గేమ్ ఏదని జనాన్ని ఓటు అడిగితే మొదటి స్థానం షెన్‌మూకి వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడ ప్రతి చర్చలోనూ "అదీ ఒక గేమేనా, రోడ్లమ్మట తిరగడం తప్ప ఏముంది" అనే మాట వస్తూనే ఉంది. అందుకే విడిగా మొదలుపెడుతున్నాను.

తెలియని వాళ్ల కోసం: 1999 డిసెంబర్ 29న జపాన్‌లో సెగా కంపెనీ గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చింది. తీసింది యు సుజుకి. కథ 1986 నవంబర్ చివర్లో, యోకోసుకాలో మొదలవుతుంది. ర్యో హజుకి కళ్లముందే లాన్ డి అనేవాడు వాళ్ల నాన్నను సొంత డోజోలో (యుద్ధవిద్య నేర్పే శాలలో) చంపి, రాతి అద్దం ఒకటి పట్టుకుపోతాడు. వాడి ఆచూకీ కోసం ర్యో ఊళ్లో కనబడిన వాళ్లనల్లా అడుగుతూ తిరగడమే ఆట.

అందులో గడియారం మన కోసం పరుగెత్తదు. దుకాణం తెరిచే వేళకే తెరుస్తారు. దారిలో కనబడే మనుషులకు ఒక పని, ఇంటికి పోయే వేళ ఉంటాయి. 1986 నాటి వాతావరణ రికార్డుల ప్రకారం వాన, మంచు కురిపించే ఏర్పాటు కూడా పెట్టారు. ఆ ఎదురుచూపే షెన్‌మూ. దాన్ని లోపమంటే నేను ఒప్పుకోను.

రాత్రిడ్యూటీ:
నేను మాత్రం లోపమని ఒప్పుకోవాలనే అంటాను. మధ్యాహ్నం రెండింటికి ఒక ఆధారం దొరుకుతుంది. తీరా చూస్తే ఆ బార్ తెరిచేది సాయంత్రం. అప్పటిదాకా ఏం చేయాలి? మొదటి భాగంలో టైమ్ ముందుకు జరిపే వీలే లేదు. రెండో భాగంలో "వేచి ఉండు" అనే ఎంపిక పెట్టారు. ఎందుకు పెట్టారు? మొదటిదాంట్లో అది లోపమని చేసినవాళ్లకే తెలిసింది కాబట్టి. ఇక చర్చ ఏముంది?

మినపట్టు:
రెండో భాగం చాలా బాగుంటుంది. అది ఆడండి అందరూ.

డోబుయిటా_బజారు:
@రాత్రిడ్యూటీ ఏం చేయాలా? ఊళ్లోని ఆర్కేడ్‌కి (నాణెం వేసి గేమ్‌లు ఆడే చోటుకి) వెళ్లి హ్యాంగ్-ఆన్, స్పేస్ హారియర్ ఆడొచ్చు. రెండూ సుజుకి అంతకుముందు చేసిన ఆటలే, పూర్తిగా పెట్టారు. డార్ట్స్ ఆడొచ్చు. ఇంటి పనులు చూసుకునే ఇనే-సాన్ రోజూ ఇచ్చే 500 యెన్‌లతో గాచాపాన్ (నాణెం వేస్తే బొమ్మ వచ్చే యంత్రం) బొమ్మలు తీసుకోవచ్చు. ఖాళీ స్థలంలో నిలబడి దెబ్బలు సాధన చేయొచ్చు, చేసేకొద్దీ ఆ దెబ్బ బలం పెరుగుతుంది. గుడి దగ్గర పిల్లి పిల్ల ఉంది, దానికి పాలు పోసిరావచ్చు. దాని తల్లిని గుద్దింది లాన్ డి కారే. ఖాళీ సమయం ఇచ్చారంటే ఇన్ని పెట్టే ఇచ్చారు.

రెండో భాగం హాంకాంగ్, కౌలూన్. ఊరు పెద్దది, ర్యో అక్కడ పరాయివాడు. ఆ కథకు ఆ ఎంపిక కావాలి. మొదటిది సొంత ఊరు. సొంత ఊళ్లో రోజు గడవడమే కథ. రెండూ ఒకటి కావు.

రాత్రిడ్యూటీ:
చుట్టూ ఎన్ని బొమ్మలు పెట్టినా నాకు కావలసింది ఆ తలుపు తెరవడం. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. బటన్ ఒకటి ఉంటే నష్టం ఏంటి? ఇష్టం లేనివాళ్లు నొక్కరు.

పాతకన్సోల్:
అసలు కష్టం నడవడంలో ఉందండీ. డ్రీమ్‌కాస్ట్‌లో డి-ప్యాడ్‌తో (కంట్రోలర్ మీది నాలుగు దిక్కుల బటన్‌తో) నడవాలి, అనలాగ్ స్టిక్ చుట్టూ చూడ్డానికి. ఇరుకు గదిలో ర్యోని తిప్పేసరికి చెయ్యి నొప్పి పుట్టేది. 2018లో రెండు భాగాలూ కలిపి మళ్లీ విడుదల చేసినప్పుడు స్టిక్‌తో నడవనిచ్చారు, జపనీస్ గొంతులూ పెట్టారు. ఇంగ్లిష్ గొంతుల్లో ర్యో ఎవరితో మాట్లాడినా పరీక్ష పేపర్ చదువుతున్నట్టే ఉంటుంది. ముందు దీని గురించి మాట్లాడుకుందాం.

డోబుయిటా_బజారు:
@రాత్రిడ్యూటీ బటన్ ఉంటే అందరూ నొక్కుతారు. నేనూ నొక్కుతాను. సాయంత్రం ఏడింటికి డోబుయిటాలో లైట్లు వెలగడం అప్పుడు ఎవరు చూస్తారు? అమెరికా నౌకాదళ స్థావరం పక్కనే ఉన్న వీధి అది, అందుకే కథలో నావికులు ఎక్కడుంటారని అడుగుతూ తిరుగుతాం. నిజం వీధి. యోకోసుకా నగరం వాళ్లే షెన్‌మూ ఆడినవాళ్ల కోసం ఆ చోట్ల మ్యాప్ వేశారు. అక్కడ నిలబడి చూసినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ మ్యాప్ వచ్చింది.

గోదారిగట్టు:
ఫోర్క్‌లిఫ్ట్ గురించి ఎవరూ మాట్లాడరేం?

రాత్రిడ్యూటీ:
నేను మాట్లాడతాను. చివరికి వచ్చేసరికి కథ వేగం అందుకుంటుందనుకుంటాం. అప్పుడు ర్యో రేవులో ఉద్యోగంలో చేరతాడు. పొద్దున్న ఫోర్క్‌లిఫ్ట్ పందెం, తర్వాత ఒక గోదాములోని పెట్టెలు ఇంకో గోదాముకి. మధ్యాహ్నం భోజనం, మళ్లీ పెట్టెలు, ఐదింటికి వదులుతారు. రోజుకిన్ని అని లెక్క.

చదువుకోడానికి విదేశం వెళ్లినప్పుడు నేను గోదాములో రాత్రిపూట ఇదే పని చేశాను. స్కానర్‌లో సంఖ్య తగ్గితే సూపర్‌వైజర్ పేరు పెట్టి పిలిచేవాడు. గదికొచ్చి ఒక గంట దొరికితే గేమ్ పెట్టుకునేవాణ్ని. అందులోనూ పెట్టెలే. నాకున్న ఆ ఒక్క గంట తీసుకుని మళ్లీ గోదాముకే పంపిన గేమ్‌ని నేను గొప్పదనలేను. పనీపాటా లేకుండా సాయంత్రం లైట్లు చూస్తూ కూర్చునేవాళ్లకు అది అందంగా కనిపిస్తుంది. నీకు ఆ తీరిక ఉంది, ఉండనీ.

డోబుయిటా_బజారు:
మీరు కాస్తా నువ్వు అయిపోయానా? నాకు తీరిక ఉందని ఎవరు చెప్పారు? నీ కష్టానికీ గేమ్‌కీ ముడిపెట్టకు. రేవు పని లేకపోతే మ్యాడ్ ఏంజెల్స్ ముఠా జాడ దొరకదు. పని నేర్పే మార్క్‌తో స్నేహం ఉండదు. ఆ రేవుని రోజూ చూశాం కాబట్టే, చివర్లో ర్యోకి తోడొచ్చే గుయిజాంగ్‌తో కలిసి డెబ్బై మందితో తలపడేటప్పుడు అది మనకు తెలిసిన చోటు అనిపిస్తుంది. ఓపిక లేకపోతే ఓపిక లేదని చెప్పు, గేమ్‌ని అనకు.

రాత్రిడ్యూటీ:
ఓపిక గురించి నాకు చెప్పకు.

మినపట్టు:
ఇద్దరూ ఒకే గేమ్ గురించి మాట్లాడుతున్నారా?

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఎవరి పని, ఎవరి తీరిక అనే మాటలు ఇంక వద్దు.

డోబుయిటా_బజారు:
సరే. నేను ఎందుకు వదలడం లేదో చెప్తాను. నాన్న పోయాక మా ఇంట్లో అంతా అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. తర్వాతి రోజు పాలవాడు వచ్చాడు, ఎదురింటాయన నీళ్ల మోటార్ వేశాడు, బజారు మామూలుగానే ఉంది. నాకేమో చేయడానికి ఏమీ లేదు. అది నాకు షెన్‌మూలో తప్ప ఏ గేమ్‌లోనూ కనబడలేదు. ర్యో బయటికొస్తే ప్రతివాళ్లూ "నాన్నగారి విషయం విన్నాం" అని ఒక మాట అని తమ పనిలో పడిపోతారు. ఇంట్లో ఇనే-సాన్ దిగులుగా చూస్తుంది. ఆ ఇంట్లోనే ఉండే శిష్యుడు ఫుకు-సాన్ డోజోలో ఒక్కడే సాధన చేస్తుంటాడు. ఆ కుర్రాడికి ఎటూ తోచని గంటలవి. వాటిని బటన్‌తో దాటించమంటే నాకు కోపం వస్తుంది.

గోదారిగట్టు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నా.

రాత్రిడ్యూటీ:
మీ నాన్నగారి గురించి విని బాధగా ఉంది. ఇప్పుడు నా మాట కూడా సూటిగా చెప్తాను, ఎందుకంటే నా గొడవ నిజానికి బటన్ దగ్గర ఆగేది కాదు.

ఆ గంటలన్నీ నేనూ గడిపాను. పెట్టెలూ మోశాను. దేనికి? లాన్ డి దొరుకుతాడని. మొదటి భాగం ర్యో హాంకాంగ్ పడవెక్కడంతో ముగుస్తుంది, కథలో అది మొదటి అధ్యాయమే. 2001లో రెండోది, అదే ఏడాది డ్రీమ్‌కాస్ట్ ఉత్పత్తి ఆగింది. మొదటిదానికి 4 కోట్ల 70 లక్షల డాలర్లు అయ్యాయని సుజుకే చెప్పాడు. అంత డబ్బు ఊరికీ వానకీ గాచాపాన్‌కీ పోసి, కథను మాత్రం రెండో భాగం చివర ఒక గుహలో వదిలేశారు. 2015లో మూడో భాగం కోసం అభిమానులు కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్‌లో) 63 లక్షల డాలర్లు ఇచ్చారు. 2019 నవంబర్‌లో మూడోది వచ్చింది. అందులో ర్యో లాన్ డిని ఎదుర్కొని ఓడిపోతాడు, కథ మళ్లీ సగంలోనే. నన్ను వేచి ఉండమన్నవాడు దాని చివర చూపించాలి. అది బాకీ. మీరు ఆ బాకీని అందం అంటున్నారు.

డోబుయిటా_బజారు:
నేను బాకీ అనుకోను. లాన్ డి చచ్చిపోతే ర్యోకి ఏం వస్తుంది? మొదటి భాగంలో పెద్దవాళ్లందరూ వద్దనే చెప్తారు. అతనంటే ఇష్టపడే క్లాస్‌మేట్ నొజోమి అతన్ని ఇక్కడే ఉండమన్నట్టే చూస్తుంది. యోకోసుకాలో ఆ చలికాలం నాకు పూర్తి కథ. మూడోది రాకపోయినా మొదటిదాని విలువ పోయేది కాదు.

రాత్రిడ్యూటీ:
చచ్చిపోయినవాడు ర్యో తండ్రి. ఎవరు, ఎందుకు చంపారో పూర్తిగా తెలుసుకోవడం ఆ కొడుకు హక్కు. 1987 ఏప్రిల్ 15 దాటితే లాన్ డి వచ్చి ర్యోనే చంపేస్తాడు, గేమ్ అయిపోతుంది. అంటే ర్యోకి గడువు పెట్టారు. మరి చేసినవాళ్లకు గడువు లేదా?

డోబుయిటా_బజారు:
ఆ గడువు దాకా ఎవరూ వెళ్లరు.

రాత్రిడ్యూటీ:
నేను వెళ్లాను.

పాతకన్సోల్:
2018ది పీసీ మీద ఆడాలంటే కీబోర్డ్ చాలా, కంట్రోలర్ కొనాలా? ఎవరైనా చెప్పండి.