ప్రార్థన పేరుతో చాడీలు చెబుతుంటే ఎలా ఆపాలి?

అందరికీ వందనాలు. మాది గుంటూరు. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిన ఒకమ్మాయి, భర్తతో పడక పుట్టింటికి చేరి, మళ్లీ మా చర్చికి వస్తోంది. వెనకాల చాప అంచున కూర్చుని, ఆశీర్వాదం అవ్వకముందే చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. స్త్రీల కూడికలో 'ప్రార్థన అంశం' అంటూ మొదలుపెట్టి ఆమె మీద చెప్పేవన్నీ చాడీలే. అందులో మా అత్తయ్యగారే ముందుంటారు, అదీ నా టెన్షన్.

బైబిల్లో యోహాను సువార్త 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీకి ప్రభువు శిక్ష వేయలేదు, ఇక పాపం చేయవద్దని కూడా చెప్పారు. మావాళ్లు రెండో మాటే పట్టుకున్నారు. గలతీ 6:1 అయితే తప్పటడుగు వేసినవాళ్లను సాత్వికంగా దారికి తెమ్మంటోంది.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పినట్టు కాకుండా ఆ మాటలు ఎలా ఆపాలి? ఆమెను భోజనానికి పిలిస్తే జాలిపడుతున్నామని బాధపడుతుందా? మీ చర్చిలో ఇలాంటిది జరిగి ఉంటే ఏం చేశారో చెప్పండి.