అప్‌డేట్: క్యాస్12ఏ డిటెక్షన్‌లో పాజిటివ్ కంట్రోల్ వెలగని సమస్య తీరింది

కొత్తగా చూసేవాళ్ల కోసం: మా పాజిటివ్ కంట్రోల్ (తప్పకుండా సిగ్నల్ రావాల్సిన శాంపిల్) అయిన పీసీఆర్ ప్రాడక్ట్ జెల్ మీద క్లీన్‌గా కనిపిస్తోంది, కానీ దాన్ని ఎల్‌బీక్యాస్12ఏ (గైడ్ ఆర్‌ఎన్‌ఏ చూపించిన డీఎన్‌ఏ దొరికితే రిపోర్టర్ అనే చిన్న డీఎన్‌ఏని కోసి వెలిగించే క్రిస్పర్ ఎంజైమ్) రియాక్షన్‌లో వేస్తే ఫ్లోరోసెన్స్ లేవడం లేదు అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

దారి చూపించింది సింగిల్ స్ట్రాండ్ టెస్ట్ చెయ్యమన్న సలహానే. గైడ్‌కి కాంప్లిమెంటరీగా ఉండే సింథటిక్ ఒలిగో (చిన్న సింగిల్ స్ట్రాండ్ డీఎన్‌ఏ) ఆర్డర్ చేసి వేశాను, సిగ్నల్ వెంటనే పైకి లేచింది! అంటే ఎంజైమ్, గైడ్ ఆర్‌ఎన్‌ఏ, రిపోర్టర్ అన్నీ బానే ఉన్నాయి, తేడా డబుల్ స్ట్రాండ్ దగ్గరే, ఎందుకంటే సింగిల్ స్ట్రాండ్‌కి ప్యామ్ (టార్గెట్ పక్కనే ఉండే చిన్న డీఎన్‌ఏ గుర్తు) అక్కర్లేదు, డబుల్ స్ట్రాండ్ విడదీయాలంటే మాత్రం ఈ ఎంజైమ్‌కి ప్యామ్ కావాలి. మా ల్యాబ్ సీనియర్ సీక్వెన్స్ చూడగానే పట్టేశారు, మా టార్గెట్ ముందున్నది టీటీటీటీ, ఈ ఎంజైమ్‌కి ప్యామ్‌గా బాగా నచ్చేవి టీటీటీఏ, టీటీటీసీ, టీటీటీజీ. నాలుగో అక్షరం ఒక్కటే తేడా, అయినా మా సైట్‌లో అదే ఆపేసింది.

గైడ్ మార్చలేదు. ప్రైమర్‌లోనే ఆ చివరి టీ బదులు ఏ పెట్టించి మళ్లీ యాంప్లిఫై చేస్తే 37 డిగ్రీల దగ్గర చక్కటి కర్వ్ వచ్చింది, టెంప్లేట్ లేని ట్యూబ్ ఫ్లాట్‌గానే ఉంది. ఇలా చేసేవాళ్లు ప్రైమర్ గైడ్ టార్గెట్ మీదకి ఎక్కువ పోకుండా చూసుకోండి, లేదంటే ప్రైమర్ డైమర్లకే (ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే ముక్కలకే) సిగ్నల్ వచ్చే ప్రమాదం ఉంది.

మెగ్నీషియం పెంచడం, రిపోర్టర్ మార్చడం, ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) అనుమానం, ఇవేవీ మా కేసులో కారణం కాదు.