మంత్రిగారు ‘పరిశీలిస్తాం’ అంటే మాటిచ్చినట్టేనా?

మద్దిలపాలెం (విశాఖవాసుల ఈ చర్చ మొదలుపెట్టినవారు; ఇక్కడ పేర్లకి బదులు ఎవరి పేట పేరు వారిది):

పరిశ్రమల మంత్రి అయినా, విద్యామంత్రి అయినా, వాణిజ్య మంత్రి అయినా సభలో జవాబు చెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట ‘పరిశీలన’ అనే మాట వాడకుండా ఉండరు. నా దగ్గర గ్రూప్స్‌కి చదివే పిల్లలకి అనువాదం కింద అలాంటి జవాబొకటి ఇచ్చాను. దాని సారాంశం రాయమంటే ఒక అమ్మాయి ‘మంత్రి హామీ ఇచ్చారు’ అంది. పక్కనున్న అబ్బాయి ‘మంత్రి దాటవేశారు’ అన్నాడు. ఒకే వాక్యానికి ఇంత తేడాగా అర్థం చెప్పారంటే తప్పు పిల్లలది కాదు, ఆ మాటలోనే ఏదో ఉంది.

నాకు తోచింది చెబుతాను, మీరూ చెప్పండి. ‘పరిశీలిస్తున్నాం’ అంటే ఆ పని చేసేవాళ్లు ఉన్నారు, పని జరుగుతోంది. ‘పరిశీలనలో ఉంది’ అన్నప్పుడు చేసేవాళ్లు మాయమైపోతారు. ఎవరి పరిశీలన, ఏ బల్ల మీద, ఎప్పటి నుంచి అన్నవేవీ వాక్యంలో ఉండవు. ఇక ‘పరిశీలిస్తాం’ మరీ జారుడు మాట. తెలుగులో ఆ క్రియారూపం రేపు చేయబోయేదానికీ, రోజూ చేసేదానికీ ఒకటే. ‘రేపు వస్తాడు’ అంటాం, ‘రోజూ వస్తాడు’ అనీ అంటాం. ‘వచ్చిన వినతులు పరిశీలిస్తాం’ అన్న మంత్రి మీ వినతిని రేపు చూస్తానన్నారా, వినతులు చూడటం తమకు అలవాటే అన్నారా? వ్యాకరణం రెంటికీ ఒప్పుకుంటుంది.

సీతమ్మధార:

మాస్టారూ, అసలు సంస్కృతంలో ఆ మాటకి ఇంత పొడి అర్థం లేదండి. శీలనం అంటే మళ్లీ మళ్లీ చేయడం, అలవాటు చేసుకోవడం. పరిశీలనం అంటే దగ్గరగా మెలగడం, తాకడం కూడా. అష్టపదులు నేర్చుకున్నవాళ్లకి జయదేవుడి ‘లలిత లవంగలతా పరిశీలన కోమల మలయ సమీరే’ గుర్తుండే ఉంటుంది. అక్కడి గాలి లవంగ తీగెల్ని తాకి మెత్తబడి వస్తుంది. మన ఫైళ్లకి కూడా అలాంటి పరిశీలనే జరుగుతోందేమో, గాలి తాకి వెళ్లిపోతోంది.

గాజువాక:

మా అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసేది. ఎవరినైనా డబ్బు అడిగి వస్తే ‘ఏటన్నాడు?’ అనేది. ‘సూత్తానన్నాడే’ అంటే ‘అయితే ఇవ్వడు, ఇంకో ఇంటికి ఎల్లు’ అనేది. పరిశీలన అంటే అదేనండి, కోటు తొడుక్కున్న ‘సూత్తాను’.

మద్దిలపాలెం:

సరదాగా ఉంది గానీ ఇక్కడే ఒక మెలిక ఉందండి. పార్లమెంటులో ఆ ‘చూస్తాను’ని అంత తేలిగ్గా వదలరు. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. మంత్రులు సభలో ఇచ్చిన మాటలు ఏమయ్యాయో చూడటమే దాని పని. ఏ మాట వాడితే హామీ కింద లెక్కో వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘విచారిస్తున్నాం’, ‘సభ్యులకి తెలియజేస్తాను’, ‘రాష్ట్ర ప్రభుత్వాలకి రాస్తాను’ లాంటివి అందులో ఉన్నాయి. ‘నేను చూస్తాను’ కూడా ఉంది! ‘ఇది ముఖ్యంగా రాష్ట్రాల వ్యవహారం, అయినా చూస్తాను’ అన్నా హామీయే. మామూలుగా 3 నెలల్లో నెరవేర్చాలి, కుదరకపోతే గడువు పెంచమని అడగాలి. రాజ్యసభకి 1972 నుంచి ఇలాంటి కమిటీయే ఉంది. మన శాసనసభలోనూ ఉంది.

అంటే మీ అమ్మమ్మగారు కొట్టిపారేసిన మాట ఢిల్లీలో అప్పు పత్రం కింద లెక్క. నా దగ్గర చదివే ఆ అమ్మాయి రాసిన ‘హామీ ఇచ్చారు’ సభా నియమాల ప్రకారం సరైన జవాబే.

గాజువాక:

వసూలైతేనే కదండీ అప్పు పత్రం.

డాబాగార్డెన్స్:

కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఆఫీసు తెలుగులో ‘పరిశీలన నిమిత్తం పంపడమైనది’, ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ రెండూ వేరు. మొదటిది రాస్తే ఆ కాగితం మీద ఎవరో ఒకరు తమ అభిప్రాయం రాయాలి. రెండోది రాస్తే కింది ఆఫీసు పని చేసి రిపోర్టు పంపాలి. బయటివాళ్లకి ఒకేలా కనబడతాయి, మాకు మాత్రం ఫైలు ఎటు వెళుతోందో ఆ ముక్కతోనే తెలిసిపోయేది. ‘సానుకూలంగా’ అనే మాట పక్కన చేరితే కొంచెం ఆశ ఉన్నట్టు.

మద్దిలపాలెం:

భలే పట్టుకున్నారండి. ఇదే తేడా మన విభజన చట్టంలోనూ ఉంది. 2014 చట్టం పదమూడో షెడ్యూల్ తీసి అందులోని క్రియలు మాత్రం చదవండి. చదువుల గురించి చెప్పినచోట ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐఐఎం, పెట్రోలియం విశ్వవిద్యాలయం వంటివి స్థాపించడానికి కేంద్రం ‘చర్యలు తీసుకోవాలి’ అని ఉంటుంది. పరిశ్రమలు, రవాణా దగ్గరికి వచ్చేసరికి క్రియ మారిపోతుంది. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ 6 నెలల్లో ‘పరిశీలించాలి’. విశాఖ మెట్రో సంగతి ఏడాదిలో ‘పరిశీలించి’ త్వరగా నిర్ణయం తీసుకోవాలి. కొత్త రైల్వే జోన్ గురించి 6 నెలల్లో ‘పరిశీలించి’ నిర్ణయం తీసుకోవాలి.

ఏం జరిగిందో మన ఊళ్లోనే చూడొచ్చు. ఐఐఎం 2015లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో మొదలై గంభీరం వెళ్లింది. పెట్రోలియం సంస్థలో 2016లో తరగతులు మొదలయ్యాయి, దాని సొంత ప్రాంగణం సబ్బవరం దగ్గర వంగలిలో. ‘చర్యలు’ అన్నవి వచ్చాయి, ‘పరిశీలన’ అన్నవి సాగదీశారు. సభలో ఎప్పుడు అడిగినా మంత్రులు ఈ క్రియనే పట్టుకుని జవాబు చెబుతారు. చట్టం పరిశీలించమంది, మేం పరిశీలించాం అంటే ఇక తప్పు పట్టలేం కదా.

ఎంవీపీ కాలనీ:

మాస్టారూ, కొంచెం లాగుతున్నారేమో. కాలేజీకి ఏదో ఒక భవనంలో తరగతులు మొదలుపెట్టేయొచ్చు. మెట్రోకి, ఉక్కు కర్మాగారానికి వేల కోట్లు కావాలి. క్రియ వేరేగా ఉన్నా అవి ఆలస్యమయ్యేవే. పైగా రైల్వే జోన్ కూడా ‘పరిశీలన’ జాబితాలోదే. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు, 2025 జనవరి 8న ప్రధాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. ఆలస్యమైందిగానీ ‘పరిశీలన’లోంచే బయటికి వచ్చింది.

మద్దిలపాలెం:

డబ్బు సంగతి కాదనను. కానీ చట్టం రాసిన రోజునే ఆ డబ్బు లెక్క వాళ్లకి తెలుసు, అందుకే ఆ క్రియ ఎంచుకున్నారు. 6 నెలలని రాసుకున్నది ప్రకటనకే దాదాపు 5 ఏళ్లు పట్టింది. ‘స్థాపించడానికి చర్యలు తీసుకోవాలి’ అని ఉంటే ఆ 6 నెలలూ అయ్యాక సభలో అడగడానికి ఒక గట్టి ప్రశ్న ఉండేది.

కూర్మన్నపాలెం:

మా దగ్గర పరిశీలన గిరిశీలన ఏం లేదండి. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో నూరు శాతం వాటా వదులుకోవడానికి ‘సూత్రప్రాయంగా’ ఆమోదం తెలిపింది. ఆ మాటకి అర్థం ఏమిటో అప్పుడు టీ కొట్ల దగ్గర కూడా చర్చే. ‘ప్రాయం’ ఉందంటే ఇంకా పూర్తిగా కానట్టేనని కొందరు, అయిపోయినట్టేనని కొందరు. రాతలో ‘పెట్టుబడుల ఉపసంహరణ’, మా జంక్షన్‌లో దీక్షా శిబిరం దగ్గర మాత్రం ‘అమ్మకం’. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక ‘పునరుజ్జీవం’ అనే ఇంకో మాట వచ్చి చేరింది.

రేవు వీధి:

నేను సీఫుడ్ ఎగుమతుల వైపు పనిచేస్తాను. రొయ్యల ఎగుమతుల్లో మన రేవు దేశంలోనే ముందు వరసలో ఉంటుంది కాబట్టి అమెరికా సుంకాల వార్త వస్తే ఇక్కడ అందరికీ టెన్షనే. 2025 జులై 31న వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ పార్లమెంటులో ప్రకటన చేశారు. జరిగిన పరిణామాల ప్రభావాన్ని ప్రభుత్వం పరిశీలిస్తోందని, ఎగుమతిదారులతో మాట్లాడుతోందని, దేశ ప్రయోజనాల కోసం అవసరమైన చర్యలన్నీ తీసుకుంటుందని దాని సారాంశం. ఇక్కడ ‘పరిశీలన’ మీ అష్టపదీ కాదు, అమ్మమ్మ ‘సూత్తాను’ కూడా కాదు. దెబ్బ ఎంత తగులుతుందో లెక్కేసుకుంటున్నాం అని. దాన్ని హామీ అనుకోవడానికి లేదు. పక్కనున్న ‘చర్యలు తీసుకుంటుంది’ మాత్రం హామీయే, కానీ ఏ చర్యలో లేదు.

మద్దిలపాలెం:

నిజమేనండి. దేన్ని పరిశీలిస్తున్నారన్నది చూడాలి. ‘డిమాండును పరిశీలిస్తున్నాం’ అంటే ఇవ్వడమో మానడమో మిగిలి ఉన్నట్టు. ‘ప్రభావాన్ని పరిశీలిస్తున్నాం’ అంటే మనం అడిగింది ఇంకా వాళ్ల బల్ల మీదికే రాలేదు.

అక్కయ్యపాలెం:

బడిలో టీచర్ని. విద్యామంత్రుల జవాబుల్లో పరిశీలన కన్నా ఎక్కువ కనబడేది ‘విద్య ఉమ్మడి జాబితాలోని అంశం’, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చూసుకునేదని. 1976లో 42వ సవరణ వచ్చినప్పటి నుంచీ అదొక గొడుగు. మాతృభాషలో బోధన గురించి అడిగితే జాతీయ విద్యా విధానం 2020 చూపిస్తారు. అందులో కనీసం 5వ తరగతి వరకు, వీలుంటే 8 ఆ పైన కూడా ఇంటి భాషలో అని ఉంది, కానీ దాని ముందు ‘వీలైన చోటల్లా’ అని ఒక తోక పెట్టారు. వీలు ఎవరు చూడాలో చెప్పలేదు. మీ ‘పరిశీలనలో ఉంది’కి చెల్లెలే ఇది.

ఒక చిన్న సందేహం. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాతపూర్వక జవాబుల్లో ఉంటుంది కదా. అది తిరస్కారమా?

డాబాగార్డెన్స్:

కాదమ్మా. ప్రశ్నలు అ, ఆ, ఇ అని ముక్కలుగా ఉంటాయి. (అ)లో ‘ఫలానా ప్రతిపాదన ఉన్న మాట వాస్తవమేనా’, (ఆ)లో ‘అయినచో ఎప్పటికి పూర్తవుతుంది’. (అ)కి ‘లేదండి’ అన్నాక (ఆ)కి చెప్పడానికేమీ ఉండదు, అందుకని ఆ ముక్క పుట్టదు అనడమే. బయట మైకు ముందు ‘ఆ ప్రశ్నే లేదు’ అంటే ఖండించినట్టు. లోపల ‘ఉత్పన్నం కాదు’ అంటే వరస తప్పలేదని చెప్పినట్టు. పేపర్లలో ఈ రెండూ కలిపేసి పెద్ద హెడ్డింగులు పెడుతుంటారు.

మధురవాడ:

మా కాలనీ సంఘం తరఫున మెట్రో మీద ఎంపీగారికి ఒక ప్రశ్న రాసిస్తున్నాం, సభలో అడగమని. ‘విశాఖ మెట్రో ప్రతిపాదనను కేంద్రం పరిశీలిస్తోందా? అయినచో ఎప్పటిలోగా పూర్తి చేస్తారు?’ అని పెట్టాం. బాగుందా?

మద్దిలపాలెం:

మొదటి ముక్క తీసేయండి. ‘పరిశీలిస్తోందా’ అని మీరే అడిగితే ‘అవునండి’ అని మీ మాటే మీకు తిరిగి వస్తుంది. ప్రతిపాదన ఏ తేదీన అందింది, ఇప్పుడు ఏ శాఖ దగ్గర ఉంది, ఏయే వివరణలు అడిగారు, వాటికి జవాబు ఎప్పుడు వచ్చింది అని రాయండి. ‘అయినచో’ ఎక్కడా వద్దు. నోటీసు 15 రోజుల ముందే ఇవ్వాలి. నక్షత్ర గుర్తు ప్రశ్నగా (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేది) అడగమనండి, అప్పుడే అనుబంధ ప్రశ్నలకి చోటు. రోజుకి 20 మాత్రమే తీసుకుంటారు కాబట్టి లాటరీలో రావాలి, అది మన చేతుల్లో లేదు.

మధురవాడ:

ఒక్కో ప్రశ్న 150 మాటలు దాటకూడదన్నారు. ఇవన్నీ పడతాయా?

మద్దిలపాలెం:

తెలుగులో పడతాయి. ఎంపీగారి ఆఫీసులో ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మన ఒక్క మాట మూడవుతుంది, కాబట్టి వంద లోపలే ఆపండి. ‘గౌరవనీయ’, ‘దయచేసి’ లాంటివి వాళ్లే చేర్చుకుంటారు.