పసుపు, నిమ్మ, నారింజల పానీయం: కలిపి మరిగించాలా, విడిగా చేసి కలుపుకోవాలా?

ఉషోదయం:
నారింజ రసం, నిమ్మరసం, పచ్చి పసుపు కొమ్ము తురుము, కొంచెం అల్లం కలిపి చేసుకునే పానీయం విషయంలో మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. నేను అన్నింటినీ ఒకే గిన్నెలో పోసి, పది నిమిషాలు మరిగించి, వడగట్టి, సీసాలో నింపి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారమంతా వాడుతున్నాను. పండ్ల రసాన్ని పొయ్యి మీద పెడితే సి విటమిన్ మిగలదనీ, నేను తాగుతున్నది పుల్లని పసుపు నీళ్లేననీ మా అక్క వాదన. ఆమె చెప్పినట్టు అంతా పచ్చిగానే మిక్సీలో వేసి తాగుదామంటే ఆ పసుపు వాసనకు నాకు గొంతు దిగడం లేదు. ఎవరి పద్ధతి సరైనదో కారణాలతో సహా చెప్పగలిగినవారు చెప్పండి. "మేమెప్పుడూ ఇలాగే చేస్తాం" అన్న సమాధానం మాత్రం మా అక్క దగ్గర చెల్లదు.

రసజ్ఞ:
మీ అక్కగారి మాటే సరైనదని నా అభిప్రాయం, దానికి చరిత్రే సాక్ష్యం. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు సి విటమిన్ లోపం వల్ల వచ్చే స్కర్వీ వ్యాధితో బాధపడుతున్న పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసి చూస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే అందరికన్నా త్వరగా కోలుకున్నారు. అంత చక్కని ఫలితాన్ని కళ్లారా చూసిన ఆ వైద్యుడే, రసాన్ని నెలల తరబడి నిలవ చేయడానికి గంటలపాటు వేడి మీద ఉంచి పాకంలా చిక్కబరచమని సలహా ఇచ్చాడు. ఆ పాకంలో స్కర్వీని తగ్గించే గుణం చాలావరకు నశించిపోయింది. రసాన్ని వేడి చేయడం వల్ల వచ్చే నష్టానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఎక్కడుంది?

కొలతల మనిషి:
రసజ్ఞ గారు చెప్పిన కథ నిజమే కానీ, దాని నుంచి తీసిన తీర్పు ఈ గిన్నెకు వర్తించదు. లిండ్ పాకం గంటల తరబడి మూత లేకుండా కాగింది; ఉషోదయం గారి రసం పది నిమిషాలే మరుగుతోంది. సి విటమిన్‌కు వేడి ఒక్కటే శత్రువు కాదు, గాలిలోని ఆక్సిజన్, వెలుతురు, రాగి వంటి లోహాలు, అన్నింటికీ మించి కాలం కూడా శత్రువులే. పులుపు ఎక్కువగా ఉన్న రసంలో అది కొంతవరకు నిలదొక్కుకుంటుంది కూడా.

అంకెలు వేసి చూద్దాం. వంద గ్రాముల నారింజ రసంలో సుమారు 50 మిల్లీగ్రాములు, నిమ్మరసంలో సుమారు 39 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. 150 మిల్లీలీటర్ల నారింజ రసానికి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలిపితే మొత్తం 85 మిల్లీగ్రాముల పైమాట. అందులో సగం పోయిందనుకున్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు చాలునన్న 45 మిల్లీగ్రాములకు దగ్గరగానే మిగులుతుంది. దీన్ని "పుల్లని పసుపు నీళ్లు" అనడం అన్యాయం.

పసుపు వైపు నుంచి చూస్తే కలిపి మరిగించడంలో ఒక లాభం కూడా ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు 2007లో ప్రచురించిన పరిశీలనలో, వండినప్పుడు పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం 27 నుంచి 53 శాతం వరకు తగ్గిందనీ, చింతపండు తోడైతే ఆ నష్టం 12 నుంచి 30 శాతానికే పరిమితమయిందనీ తేలింది. కర్కుమిన్ క్షార గుణం ఉన్న నీటిలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది, పులుపులో నిలుస్తుంది. అందువల్ల నిమ్మరసం పసుపుకు చెరుపు చేయదు సరికదా కాపలా కాస్తుంది. నా అభ్యంతరమల్లా ఆ "వారమంతా" అన్న మాట మీదనే. పది నిమిషాల మంట కన్నా, రోజూ మూత తీసి పెట్టే సీసాలో గడిచే ఏడు రోజులే ఎక్కువ చెరుపు అని నేననుకుంటాను.

రసజ్ఞ:
గంటలకూ నిమిషాలకూ ఉన్న తేడాను నేను పట్టించుకోలేదని ఒప్పుకుంటున్నాను. అయినా రసాన్ని మరిగించవద్దనే అంటాను, ఈసారి రుచి కారణంగా. నారింజ గింజల్లోనూ పొరల్లోనూ చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. రసం తీశాక అక్కడి పులుపు వల్ల అది మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది, వేడి తగిలితే ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది. పొద్దున తియ్యగా ఉన్న రసం సాయంత్రానికి చేదెక్కడానికి కారణం ఇదే, పండులో లోపం కాదు. గింజలు తీయకుండా పండును మొత్తంగా మిక్సీలో వేసేవారు ఈ చేదును చేజేతులా కొనితెచ్చుకుంటారు. పైగా నిమ్మ పరిమళం తొక్కలోని నూనెలది; అవి ఆవిరితో పాటు వంటగది అంతా పరుచుకుని, తాగేవాడికి మాత్రం మిగలవు.

కొలతల మనిషి గారు చెప్పిన పులుపు కాపలా కావాలంటే, పసుపు మరిగే నీటిలో ఒక చెంచా నిమ్మరసం వేస్తే చాలదా? మిగిలిన రసమంతా ఆ కషాయం గోరువెచ్చగా అయ్యాక కలుపుకోవచ్చు.

సందేహి:
ఇంత వాదనా ఏ ప్రయోజనం కోసమో నాకు అర్థం కావడం లేదు. పసుపు పొడిలో కర్కుమిన్ బరువులో సుమారు 3 శాతమే. పచ్చి కొమ్ములో నీరే ఎక్కువ కాబట్టి చెంచాడు తురుములో ఇంకా తక్కువ. అది నీటిలో సరిగా కరగదు, రక్తంలోకి చేరేది స్వల్పం. మిరియాలు కలిపితే ఇరవై రెట్లు ఒంటబడుతుందని అందరూ చెప్పే మాట 1998 నాటి ఒక అధ్యయనం నుంచి వచ్చింది. అందులో మనుషులకు ఇచ్చింది 2 గ్రాముల శుద్ధ కర్కుమిన్, 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం. ఆ 2 గ్రాములు పసుపు పొడి రూపంలో కావాలంటే 65 గ్రాములు మింగాలి, అంటే ఇరవై చెంచాల పైనే. అంత పసుపు వేసిన గ్లాసును ఈ వేదికలో ఎవరైనా ఖాళీ చేయగలరా?

సి విటమిన్ సంగతీ అంతే. రోజుకు 200 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారి మీద జరిగిన ప్రయోగాలన్నింటినీ 2013లో వైద్య ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించి, సాధారణ జనంలో జలుబు రావడం తగ్గలేదనీ, వచ్చిన జలుబు పెద్దవారిలో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గిందనీ తేల్చింది. అదికూడా ముందు నుంచీ రోజూ తీసుకున్నవారిలోనే. ముక్కు కారడం మొదలయ్యాక తీసుకున్నవారిలో నిలకడైన ఫలితం కనబడలేదు. రుచి కోసం తాగండి, కాదనను. "రోగనిరోధక పానీయం" అని సీసా మీద రాసుకోవద్దంటున్నాను.

ఔషధశాల:
నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తాను కనుక, సందేహి గారి మాటకు మరో వైపు చెప్పాలి. పనిచేయనిదంతా నిరపాయమైనదని అనుకోకూడదు. మిరియాల్లోని పైపరిన్ కర్కుమిన్‌ను కాలేయం త్వరగా బయటికి పంపకుండా అడ్డుకుంటుంది. అదే పని కొన్ని మందుల విషయంలోనూ చేయగలదు. చిటికెడు మిరియాల పొడితో భయం లేదు కానీ, రక్తం పలుచబడే మందులు వాడేవారు గాఢమైన పసుపు పానీయాన్ని రోజూ మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి అడగడం అవసరం. నారింజకు బదులు నిమ్మ, నారింజల జాతికే చెందిన గ్రేప్‌ఫ్రూట్ గానీ, పంపరపనస గానీ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని రక్తపోటు మందులను, కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని స్టాటిన్లను రక్తంలో పేరుకునేలా చేస్తుంది.

మూత్రపిండాల్లో రాళ్లున్నవారి సంగతి విచిత్రం. నిమ్మలోని సిట్రేట్ కాల్షియం రాళ్లు ఏర్పడకుండా అడ్డుపడుతుంది, పసుపులో అధికంగా ఉండే ఆక్సలేట్ ఆ రాళ్లకే ముడిసరుకు అవుతుంది. ఒకే గ్లాసులో ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారన్నమాట. అటువంటివారు పసుపును చిటికెడుకే పరిమితం చేసుకోవడం మేలు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఒక హద్దు కావాలంటే, ఆహార సంకలితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం కర్కుమిన్‌కు పెట్టిన పరిమితి కిలో శరీర బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు, అంటే ఇంచుమించు రెండు చెంచాల పసుపు పొడి. కర్కుమిన్ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వంటింటి మోతాదును వాటితో కలిపి భయపెట్టడం నా ఉద్దేశం కాదు.

పళ్ల విషయం ఎవరూ ఎత్తలేదు. నిమ్మరసం పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2కూ 3కూ మధ్య ఉంటుంది, పంటి పైపొర 5.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కాబట్టి గంటసేపు గుక్కగుక్కగా చప్పరించకుండా ఒక్కసారిగా తాగి, నోరు నీళ్లతో పుక్కిలించి, వెంటనే బ్రష్ చేయకుండా ఉండండి. రాగి, ఇత్తడి పాత్రల్లో దీన్ని నిలవ ఉంచవద్దు. తేనె కలిపితే ఏడాది నిండని పసిబిడ్డకు ఒక్క చుక్క కూడా పట్టవద్దు.

ఉషోదయం:
అందరికీ కృతజ్ఞతలు. రసజ్ఞ గారి సూచనను కొంచెం మార్చి నిన్న చేసి చూశాను. రెండు గ్లాసుల నీటిలో బొటనవేలంత పసుపు కొమ్మును తురిమి వేసి, ఒక చెంచా నిమ్మరసం, దంచిన అల్లం ముక్క జోడించి, మూత పెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచాను. వడగట్టిన కషాయాన్ని మంచుగడ్డల అచ్చులో పోసి గడ్డకట్టించాను కనుక వారం నిలవ గొడవ పసుపు వరకే పరిమితమయింది. పొద్దున గోరువెచ్చని నీటిలో రెండు గడ్డలు కరిగించి, గింజలు తీసి అప్పటికప్పుడు పిండిన నారింజ రసం, మిగతా నిమ్మరసం కలిపాను. పచ్చి పసుపు వాసన లేదు, చేదూ లేదు. పసుపు అడుగుకు చేరుతుంది కాబట్టి తాగేముందు కలుపుకోవాల్సి వచ్చింది, అంతే. గిన్నెకు, గరిటెకు, నా వేళ్లకు పట్టిన రంగు మాత్రం ఇంకా వదల్లేదు.

మా అక్క రసం సంగతిలో తాను గెలిచానంటోంది. కొమ్మును మరిగించినందుకు నేనూ గెలిచాననే అంటున్నాను. మిరియాల పొడి దగ్గర మళ్లీ పేచీ మొదలయింది. ఆమె రక్తపోటు మందు వాడుతోంది కాబట్టి, ఔషధశాల గారి మాట చూపించి, వైద్యుణ్ణి అడిగే వరకు ఆమె గ్లాసులో మిరియాలు వేయనని చెప్పేశాను.

సందేహి:
సీసా మీద ఏమి రాశారు?

ఉషోదయం:
"నారింజ రసం, పసుపుతో" అని మాత్రమే రాశానండీ.