వంద కిలోమీటర్ల గ్రూప్ రైడ్ ప్రతిసారీ రేసైపోతోంది, ఏం చేయాలి?

పెడల్‌పిచ్చి:

అందరికీ హాయ్. నలుగురం ఫ్రెండ్స్ సరదాగా మొదలుపెట్టిన సైకిల్ రైడ్‌కి ఇప్పుడు పాతిక మంది దాకా వస్తున్నారు, సంతోషమే కానీ తలనొప్పి కూడా అయింది. 40, 50 కిలోమీటర్లయితే ఎలాగోలా లాగించేస్తున్నాం, 100 పైన పెట్టామంటే మాత్రం గోలే. మొదటి పది కిలోమీటర్లు అందరూ కబుర్లు చెప్పుకుంటూ బానే వస్తారు, ఆ తర్వాత ముందున్న ఇద్దరు ఒకర్ని చూసి ఒకరు స్పీడ్ పెంచుతారు, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా, 30 కిలోమీటర్లు దాటేసరికి గ్రూపు మూడు ముక్కలు. రూట్ నేనే వేశాను కాబట్టి వెనకవాళ్ళ కోసం నేనే ఆగాలి, ముందువాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. పోయినసారి ఇద్దరు తప్పు మలుపు తీసుకుని వెళ్ళిపోయారు, ఒకతని ఫోన్‌లో చార్జింగ్ లేదు, రెండో అతను ఎత్తడు, గంటన్నర వెతుక్కున్నాం.

స్పీడ్‌గా వెళ్ళాలంటే ఎవరికి వాళ్ళు వెళ్ళొచ్చు కదా, కలిసి వెళ్ళేదే కబుర్ల కోసం. మీ గ్రూపుల్లో ఎలా చేస్తున్నారు? స్పీడ్ ఎంత పెట్టాలి, ఎక్కడెక్కడ ఆగాలి, వెనకబడినవాళ్ళని ఏం చేయాలి? వచ్చే నెల 120 కి.మీ. అనుకుంటున్నాం, అది కూడా ఇలాగే అయితే ఇంక మానేస్తా.

చివరిబండి:

మానేయకు తమ్ముడూ, అందరికీ అయ్యేదే ఇది. చాలా ఏళ్ళుగా స్వీప్ చేస్తున్నా, అంటే గ్రూపులో అందరికన్నా వెనక ఉండి ఎవరూ నన్ను దాటి వెనక్కి పోకుండా చూసుకోవడం నా పని. అక్కణ్ణించి చూస్తే కనిపించేవి చెప్తా.

ముందు ఒక పెద్ద పొరపాటు. స్లోగా ఉండేవాళ్ళని అందరూ వెనక వదిలేస్తారు, "నువ్వు నీ స్పీడ్‌లో రా" అని. కానీ గుంపులో అన్నిటికన్నా కష్టమైన చోటు వెనకే. మలుపు దగ్గర ముందువాడు కాస్త బ్రేక్ వేస్తే వాడి వెనకవాడు ఇంకాస్త వేస్తాడు, చివరికొచ్చేసరికి దాదాపు ఆగిపోతాం, ఈలోపు ముందువాడు మలుపు దాటి స్పీడ్ అందుకుని ఉంటాడు, చివరివాడు గాలిలో ఒంటరిగా స్ప్రింట్ కొట్టి అందుకోవాలి. మలుపు, సిగ్నల్, స్పీడ్ బ్రేకర్, ప్రతిదాని దగ్గరా ఇదే. వందసార్లు ఇలా చేస్తే బలమైనవాడికే కాళ్ళు పట్టేస్తాయి, అలాంటిది ఉన్నవాళ్ళలో కొత్తవాడిని తెచ్చి అక్కడ పెడతాం. అందుకే మేము తిరగేశాం. ముందు ఇద్దరు గట్టివాళ్ళు గాలి కోస్తారు, వాళ్ళ వెనకే రెండో వరసలో, మూడో వరసలో నిదానంగా తొక్కేవాళ్ళు, చివర మళ్ళీ గట్టివాళ్ళు. మంచి స్పీడ్‌లో ఒకరి చక్రం వెనక దగ్గరగా ఉంటే పాతిక శాతం పైనే శ్రమ తగ్గుతుంది, ఆ లాభం అవసరమైనవాళ్ళకి దక్కాలి కదా. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు అన్నట్టు, గట్టివాళ్ళు పది పదిహేను నిమిషాలకోసారి ముందు మారుతూ ఉండాలి. కొత్తవాళ్ళని మాత్రం మొహమాటపెట్టి ముందుకి పంపొద్దు.

ఇంకోటి, లీడ్, అంటే ముందుండి నడిపించేవాడి కళ్ళు మీటర్ మీద కాదు, వెనక ఉండాలి. మలుపు దాటాక "అందరూ వచ్చారు" అని వెనకనుంచి కేక వినపడేదాకా తేలిగ్గా తొక్కాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కలిసి ఉండమని బలవంతం చేయకు, అక్కడ గాలి చాటు పెద్దగా పనిచేయదు, ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి, పైకెళ్ళాక ఆగితే చాలు.

పాతిక మంది ఒకే గుంపు వద్దు. 8 నుంచి 10 మంది చొప్పున మూడు గుంపులు, ఒక్కోదానికి ఒక లీడ్, ఒక స్వీప్. ఒకే మనిషి రూటు, పంక్చర్లు, వెనకవాళ్ళు అన్నీ చూసుకుంటే చివరికి అతనికే రైడ్ అంటే విరక్తి పుడుతుంది, నీకు ఇప్పుడు పుట్టినట్టు.

స్పీడ్ సంగతికి వస్తే "సరదా రైడ్" అని రాయకు, ఒకడి సరదా ఇంకొకడికి చావు. నంబర్ రాయి. 120 కి.మీ. రైడ్‌కి తొక్కేటప్పుడు సగటు గంటకి 20 కి.మీ. అంటే 6 గంటలు, ఆగినవి కలిపితే ఎనిమిది, అంత అవుతుందని ముందే చెప్పేయి. పైగా 20 సగటు రావాలంటే మంచి రోడ్డు మీద 23, 24లో ఉండాలి, మొదటిసారి వచ్చేవాళ్ళకి ఆ ముక్క తెలీదు, "నేను 20లో తొక్కుతా" అని వచ్చి ఇరుక్కుంటారు.

ఇదేం మనం కనిపెట్టింది కాదులే. ఫ్రాన్స్‌లో ఆడాక్స్ పద్ధతి అని వందేళ్ళ పైనుంచి ఉంది, రోడ్ కెప్టెన్ గంటకి 22.5 కి.మీ. పట్టుకుని నడిపిస్తాడు, అతన్ని దాటి ఎవరూ ముందుకెళ్ళకూడదు, ఆగేది కూడా అందరూ కలిసే. ఎవరి స్పీడ్‌లో వాళ్ళు వెళ్ళే బ్రెవేలు, అంటే ఇంత దూరం ఇంత టైమ్ లోపల పూర్తి చేయాలనే రైడ్లు, 1921లో విడిగా మొదలయ్యాయి, ఇప్పుడు మనవాళ్ళు 200 కి.మీ. 13 గంటల 30 నిమిషాల్లో అని చేసేది ఆ రకం. ఈ రెండూ వేరు వేరు ఆటలని వాళ్ళకి అప్పుడే అర్థమైంది, మనం రెండూ ఒకే రోజు ఒకే గుంపులో ఆడాలని చూస్తాం, అక్కడే తేడా కొడుతుంది.

టాప్‌గేర్:

చివరిబండి అన్న చెప్పింది బానే ఉంది కానీ నాది కొంచెం వేరే మాట, తిట్టుకోకండి. ఎవర్నీ వదలం అని రాసి 20లో తొక్కేవాళ్ళని 30లో తొక్కేవాళ్ళని ఒకే తాడుకి కట్టేస్తే ఇద్దరికీ నరకమే. నేను ఫాస్ట్ బ్యాచే, ఒప్పుకుంటా, 20లో నాలుగు గంటలు కూర్చుంటే నాకు నడుం పట్టేస్తుంది, మధ్యలో ఎక్కడో ఓపిక పోయి ఒక్కసారి లాగేస్తా, నేను లాగితే ఇంకో నలుగురు లాగుతారు, అలానే మీ గ్రూపు ముక్కలవుతోంది.

మేము చేసేది ఏంటంటే స్టార్ట్ టైమ్ వేరు. మొదటి బ్రేక్ 40 కిలోమీటర్ల దగ్గర అనుకోండి, 20లో వెళ్ళేవాళ్ళకి రెండు గంటలు, 26లో వెళ్ళేవాళ్ళకి గంటా ముప్పై రెండు నిమిషాలు. నిదానం గ్రూపు అరగంట ముందు బయల్దేరుతుంది, ఇద్దరూ ఇంచుమించు ఒకే టైమ్‌కి చేరతారు, కబుర్లన్నీ అక్కడ. మధ్యలో పంక్చర్ పడితే లెక్క పోతుంది, పోనీయండి.

ఇంకో పద్ధతి, వెళ్ళిన దారినే తిరిగొచ్చే రైడ్ అయితే దూరం పెట్టకుండా టైమ్ పెట్టడం. రెండు గంటలు కాగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరగాలి. ఫాస్ట్ వాళ్ళు 56 కిలోమీటర్లు వెళ్ళి తిరుగుతారు, నిదానంవాళ్ళు 40 దగ్గర తిరుగుతారు, అందరూ ఇంచుమించు ఒకేసారి ఇంటికి. అయితే వెళ్ళేటప్పుడే ఎదురుగాలి ఉండేలా దిక్కు చూసుకోండి, అలిసిపోయాక తిరుగు దారిలో ఎదురుగాలి తగిలితే ఆ రైడ్ వేసినవాడిని జన్మలో క్షమించరు.

రెండోచక్రం:

ఆ టైమ్ పెట్టే పద్ధతి లెక్కకి బానే ఉంది, కానీ నాలుగు గంటల్లో ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఎదురుపడి చేయి ఊపినప్పుడే కదా టాప్‌గేర్ గారూ, దాన్ని కలిసి తొక్కడం అనరు 😄

నేను నిదానం బ్యాచ్. ఇదివరకు ఒక గ్రూపుతో వెళ్ళేదాన్ని, మానేశా. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ మంచివాళ్ళే. విషయం ఏంటంటే బ్రేక్ దగ్గరికి ముందువాళ్ళు వచ్చి పావుగంట కూర్చుని తిని తాగి ఒళ్ళు విరుచుకుని ఉంటారు, నేను రొప్పుకుంటూ వెళ్ళి సైకిల్ స్టాండ్ వేయబోతుంటే "ఆ, వచ్చేసింది, పదండి పదండి" అని లేచేవారు. అంటే ఎవరికి రెస్ట్ కావాలో వాళ్ళకి ఒక్క నిమిషం దొరకదు, ఎవరికి అక్కర్లేదో వాళ్ళకి పావుగంట. మూడు బ్రేకులు అలా అయ్యాక 80 దాటేసరికి కళ్ళు తిరిగాయి, తినాల్సినప్పుడు తినలేదు కదా మరి. పైగా "పర్లేదు, నిదానంగా రండి" అని ఓదార్పు ఒకటి. కాబట్టి పెడల్‌పిచ్చి గారూ, రూల్ పెడితే ఒకటే పెట్టండి, బ్రేక్ టైమ్ లెక్క చివరి మనిషి దిగినప్పటి నుంచి మొదలవ్వాలి. ముందువాళ్ళకి బోర్ కొడితే కొట్టనీయండి, వాళ్ళంతట వాళ్ళే కాస్త నిదానిస్తారు.

ఇంకోటి, మధ్యలో ఎక్కడ ఆపేసి ఇంటికి వెళ్ళిపోవచ్చో ముందే చెప్తే చాలా ధైర్యంగా ఉంటుంది. 60 దగ్గర దగ్గరి దారి ఉంది, అక్కడ తిరిగితే 85తో అయిపోతుంది అని రూట్‌లోనే రాసి ఉంటే అడగడానికి సిగ్గు పడక్కర్లేదు. రూట్ ఫైల్ కూడా ముందురోజే పంపండి, అందరి ఫోన్‌లోనూ ఉంటే ఎవరూ తప్పిపోరు. కానీ వెళ్ళిపోయేవాళ్ళు చెప్పి వెళ్ళాలి, లేకపోతే మళ్ళీ వెతుకులాటే.

నూనెడబ్బా:

అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు, బండ్ల గురించి రెండు ముక్కలు. ఎవరి ట్యూబ్ వాళ్ళు తెచ్చుకోవాలి, రెండు. గ్రూపులో ఎవరి దగ్గరో ఉంటుందిలే అనుకుంటే సైజు కలవదు, వాల్వ్ కలవదు, ఎత్తు రిమ్ములకి పొట్టి వాల్వ్ బయటికే రాదు. చైన్ తెగితే వేసే లింకు కూడా అంతే, 10 స్పీడ్‌ది (వెనక పది గేర్లున్న బండిది) 11కి పట్టదు. ట్యూబ్‌లెస్ వాళ్ళూ ఒక ట్యూబ్ పెట్టుకోండి, ప్లగ్గులతో మూతపడని కోత ఏదో ఒకరోజు పడుతుంది.

పంక్చర్ పడితే పాతిక మందీ రోడ్డు పక్కన నిలబడి సలహాలు ఇవ్వొద్దు ప్లీజ్. ఇద్దరు ఉండాలి, మిగతావాళ్ళు తర్వాతి బ్రేక్ దాకా వెళ్ళిపోవాలి. గుంట కనపడితే చేత్తో చూపించడంతో పాటు నోటితో కూడా అరవండి, గతుకుల్లో హ్యాండిల్ వదలడం అందరికీ కుదరదు. ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం పోనీయొద్దు, వాడు కొంచెం జరిగినా పడేది మీరే, వాడు కాదు. ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకి వంగి తొక్కడానికి హ్యాండిల్‌కి బిగించే కడ్డీలు) గుంపులో వద్దు, చేతులు అక్కడ పెడితే బ్రేక్ అందదు.

పెడల్‌పిచ్చి:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రెండోచక్రం గారూ, మీరు చెప్పింది చదివాక కాస్త సిగ్గేసింది, ఆ "పదండి పదండి" అనేది మా దగ్గర నేనే 😅

120కి ఇలా అనుకుంటున్నా: మూడు గుంపులు, నిదానం వాళ్ళు అరగంట ముందు, బ్రేకులు 40 దగ్గర, 80 దగ్గర, చివరి మనిషి వచ్చాక 20 నిమిషాలు. 60 దగ్గర దగ్గరి దారి. ఫాస్ట్ గుంపు లీడ్‌గా ఎప్పుడూ లాగేసే అతన్నే పెడదామనుకుంటున్నా, బాధ్యత ఇస్తే నిదానిస్తాడేమో. చివరిబండి అన్నా, ఏమంటావ్?

చివరిబండి:

వద్దు. అతన్ని నిదానం గుంపుకి స్వీప్‌గా పెట్టు. లీడ్‌గా పెడితే ఇప్పుడు చేసేదే పర్మిషన్‌తో చేస్తాడు. ఒక్క రైడ్ వెనక తొక్కి ప్రతి మలుపు తర్వాత పరిగెత్తితే అతనికే తెలుస్తుంది. ఒప్పుకోకపోతే గట్టివాడు వెనకే ఉండాలి అని చెప్పు, అది అబద్ధం కూడా కాదు. 80 దగ్గర బ్రేక్‌ని 75కి జరుపు, నీళ్ళు అంతదాకా ఆగవు.