అగ్నిపర్వతం మీది పరికరాలకు దాని వేడితోనే కరెంటు ఇవ్వొచ్చా?

సెగరాయి:
అందరికీ నమస్కారం. నాది ఎలక్ట్రానిక్స్, అగ్నిపర్వతాల సంగతి చదివి తెలుసుకున్నదే. మనుషులు మామూలుగా వెళ్ళలేని కొండల మీద అగ్నిపర్వతాన్ని గమనించడానికి పెట్టిన స్టేషన్లు ఎక్కువగా సోలార్ ప్యానెల్, బ్యాటరీలతోనే నడుస్తాయి కదా. చలికాలంలో ప్యానెల్ మంచులో కూరుకుపోతుంది, ధ్రువాల దగ్గరైతే నెలల తరబడి ఎండే ఉండదు, చలికి బ్యాటరీ నీరసపడుతుంది, బాగుచేద్దామంటే హెలికాప్టర్ కావాలి. పక్కనే నేలలోంచి రాత్రీపగలూ ఆవిరి ఎగజిమ్ముతుంటే దాన్ని వాడుకోకపోవడం ఏంటని నా బాధ. సైస్మోమీటర్ (నేల అదురు కొలిచేది), డిజిటైజర్ (ఆ కొలతని అంకెలుగా మార్చేది), రేడియో అన్నీ కలిపి 3 వాట్లు ఆగకుండా కావాలనుకుందాం. థర్మోఎలక్ట్రిక్ మాడ్యూళ్ళతో, అంటే ఒక ముఖం వేడిగా, రెండోది చల్లగా ఉంటే కరెంటు పుట్టించే పలకలతో, అయ్యే పనేనా, లేక కాగితం మీదే బావుంటుందా?

చల్లనివైపు:
అయ్యే పనే, చేసి చూపించారు కూడా. స్పెయిన్‌లోని నవర్రా పబ్లిక్ యూనివర్సిటీ వాళ్ళు అంటార్కిటికాలోని డిసెప్షన్ ద్వీపంలో ఇలాంటి జనరేటర్లు పెట్టారు. 1967లో, 1969లో బద్దలై అక్కడి పరిశోధన స్థావరాలను నాశనం చేసిన అగ్నిపర్వతం అది. అంచేత అక్కడ నిఘా సరదా వ్యవహారం కాదు.

ఇక లెక్క. ఆవిరి సుమారు 90 డిగ్రీలు ఉందనుకోండి, మాడ్యూల్ రెండు ముఖాల మధ్య 50 డిగ్రీల తేడా నిలబెట్టగలిగితే, బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థంతో చేసిన, 4 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు మాడ్యూల్ ఒక్కోటి అర వాట్ అటూఇటూ ఇస్తుంది. ఆరేడు చాలనిపిస్తుంది. కానీ సామర్థ్యం 2 శాతం దగ్గరే ఉంటుంది, అంటే 3 వాట్ల కరెంటు కోసం దాదాపు 150 వాట్ల వేడి మాడ్యూళ్ళ గుండా పోవాలి, అదంతా అవతలి వైపు గాలిలోకి వదలాలి. ఫ్యాన్ పెడితే వచ్చిన కరెంటు అదే తినేస్తుంది. అందుకే కదిలే భాగాలు లేని హీట్ పైపులు (లోపలి ద్రవం ఆవిరై, మళ్ళీ చల్లబడుతూ వేడిని మోసుకెళ్ళే మూసిన గొట్టాలు), వేడిని గాలిలోకి వదిలే పెద్ద ఫిన్లు (పలుచటి లోహపు రెక్కలు). పైగా పవర్ ఉష్ణోగ్రత తేడా వర్గంతో మారుతుంది, తేడా సగమైతే కరెంటు పావు వంతే. వేడి వైపు గురించి అందరూ మాట్లాడతారు గానీ డిజైన్ గెలిచేదీ ఓడేదీ చల్లని వైపే. ఫిన్ల మీద మంచు పేరుకుని గాలి ఆడకపోతే మీ లెక్కంతా గోవిందా.

గంధకంగారు:
పై జవాబు బావుంది గానీ తుప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఆవిరి ఉత్త నీటి ఆవిరి కాదండీ, అందులో హైడ్రోజన్ సల్ఫైడ్, కొన్నిచోట్ల సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ కూడా ఉంటాయి. రాగిని హైడ్రోజన్ సల్ఫైడ్ నల్లగా చేసి తినేస్తుంది, మామూలు కనెక్టర్ల గతీ అంతే. క్లోరైడ్ ఉంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కూడా నమ్మి వదిలేయలేం. ఆవిరి చల్లబడే చోట గంధకం పచ్చగా గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది కూడా. ఆవిరిలోకి ఒక సీలు చేసిన గొట్టం మాత్రమే దించి, మిగతాదంతా పైన పొడిగా ఉంచడం మేలు.

ఇంకోటి, సైస్మోమీటర్‌ని జనరేటర్ పక్కనే పెట్టకండి. ఆవిరి బుసకే నేల అదురుతూ ఉంటుంది, అదంతా రికార్డులోకి వస్తుంది. దూరంగా పాతిపెట్టి కేబుల్ లాగండి, కేబుల్ పొడవైతే వోల్టేజీ పెంచి పంపండి.

సెగరాయి:
చాలా థాంక్స్ ఇద్దరికీ. ఒక డౌట్. అగ్నిపర్వతం నిజంగా కదిలే టైమ్‌లోనే ఆ ఆవిరి ఆగిపోయినా, మరీ వేడెక్కినా? అప్పుడే కదా డేటా కావాల్సింది!

చల్లనివైపు:
అసలు టెన్షన్ అదే. రంధ్రాలు మూసుకుపోతాయి, చోటు మారతాయి, ఉష్ణోగ్రత మారుతుంది. బిస్మత్ టెల్యూరైడ్ మాడ్యూళ్ళు చాలావరకు 250 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. అందుకని దీన్ని ఒంటరిగా నమ్మకూడదు. వేడి ఆగితే కనీసం వారం నడిపే బ్యాటరీ ఉండాలి. 3 వాట్లంటే రోజుకి 72 వాట్ అవర్లు, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగం వరకే వాడినా ఎనిమిది రోజులు వస్తుంది, చలికి కాస్త తగ్గించుకోండి. సోలార్ ప్యానెల్ కూడా పీకేయకండి, వేసవిలో అదే ఆదుకుంటుంది.

మాడ్యూళ్ళ మన్నిక గురించి మాత్రం బెంగ వద్దు. ఇదే సూత్రంతో, ప్లుటోనియం వేడితో నడిచే వాయేజర్ నౌకలు 1977లో బయల్దేరి దశాబ్దాలుగా కబుర్లు పంపుతూనే ఉన్నాయి. వాటికి తుప్పు బెడద లేదనుకోండి, అది వేరే మాట.

గంధకంగారు:
వేడి వైపు ఉష్ణోగ్రతని కూడా రికార్డు చేసి పంపండి, ఎలాగూ అక్కడ సెన్సర్ పెడతారు. ఆవిరి వేడి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అగ్నిపర్వతాన్ని గమనించేవాళ్ళకి పనికొచ్చే కొలతే. కరెంటు తగ్గితే ఫిన్ల మీద మంచు పట్టిందా, కింద వేడే తగ్గిందా అని చూడాలంటే చల్లని వైపు కూడా ఇంకో సెన్సర్ పెట్టండి, లేకపోతే పైకి ఎక్కి చూసేదాకా తెలీదు.