క్విజ్ ప్రశ్నల్లో తప్పులు, తికమక పెట్టే మాటలు: మీకు ఎదురైనవి చెప్పండి

ప్రశ్నల_బుట్ట
పన్నెండేళ్లుగా పిల్లలకు క్విజ్‌లు నిర్వహిస్తున్నాను. పోయిన నెల ఫైనల్లో "ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది?" అని అడిగాను. నా కీలో ఉన్న జవాబు సహారా. ఒక పాప బజర్ నొక్కి "అంటార్కిటికా" అంది. తప్పని చెప్పి ప్రశ్నను పక్క జట్టుకు పంపేశాను. వాళ్లు సహారా అని పది పాయింట్లు పట్టుకెళ్లారు. పాప జట్టు ఐదు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ఇంటికొచ్చి చూసుకుంటే పాప చెప్పిందే సరి. ఎడారి అవునో కాదో తేల్చేది ఎండ కాదు, అక్కడ వాన, మంచు ఎంత తక్కువ పడతాయన్నది. ఆ లెక్కన అంటార్కిటికా దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, సహారా దాదాపు 90 లక్షలు. సహారా వేడి ఎడారుల్లో పెద్దది. ఆ "వేడి" అన్న మాట నా ప్రశ్నలో లేదు.

తప్పని చెప్పగానే ఆ పిల్ల వాదించలేదు, తల వంచుకుని కూర్చుంది. అదే కళ్లముందు మెదులుతోంది. వచ్చే వారం వాడాల్సిన రెండు వందల ప్రశ్నల సెట్ నా దగ్గరుంది. దాన్ని ఎలా జల్లెడ పట్టాలి? మీ అనుభవాలు చెప్పండి.

భూగోళం_పిచ్చి
"అతి" అన్న మాట కనిపించిన ప్రతి ప్రశ్ననీ పక్కకు తీసి పెట్టండి. నేను చూసిన తప్పు ప్రశ్నల్లో సగం దాని దగ్గరే ఉన్నాయి.

"అతి ఎత్తైన పర్వతం ఏది?" ఎవరెస్ట్ అంటాం. సముద్రమట్టం నుంచి కొలిస్తే నిజమే, 8,848.86 మీటర్లు. అదే సముద్రం అడుగున ఉన్న పాదం నుంచి కొలిస్తే హవాయిలోని మౌనా కియా 10 వేల మీటర్లు దాటుతుంది. నీటి పైకి కనిపించేది 4,207 మీటర్లే. భూమి కేంద్రం నుంచి ఎంత దూరం అని చూస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో శిఖరం గెలుస్తుంది. దాని ఎత్తు 6,263 మీటర్లే అయినా, భూమధ్యరేఖ దగ్గర భూమి కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి ఎవరెస్ట్ కంటే సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. మూడు కొలతలు, మూడు జవాబులు. "సముద్రమట్టం నుంచి" అని రెండు మాటలు చేరిస్తే గొడవ లేదు.

"శరీరంలో అతి పెద్ద అవయవం" కూడా ఇంతే. చర్మం అని ఒకరు, కాలేయం అని ఒకరు. "లోపలి అవయవాల్లో" అని అడిగితేనే కాలేయం.

సైన్సు_టీచరమ్మ
దానికి తోడు "ఏకైక". పిల్లల పుస్తకాల్లో ఈ మాట పెట్టని వాళ్లు లేరు.

"గుడ్లు పెట్టే ఏకైక క్షీరదం ఏది?" కీలో ప్లాటిపస్. మరి ఎకిడ్నాలు? అవీ క్షీరదాలే, అవీ గుడ్లే పెడతాయి. "రెండు నోబెల్ బహుమతులు అందుకున్న ఏకైక వ్యక్తి ఎవరు?" కీలో మేరీ క్యూరీ. ఆమె 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో అందుకున్నారు. కానీ జాన్ బార్డీన్ భౌతికశాస్త్రంలోనే 1956లో, 1972లో రెండుసార్లు అందుకున్నారు. లైనస్ పౌలింగ్‌కు 1954లో రసాయనశాస్త్రంలో, 1962లో శాంతికి వచ్చాయి. క్యూరీ గారి గొప్పతనం నిజంగా చెప్పాలంటే "రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాల్లో నోబెల్ అందుకున్న ఏకైక వ్యక్తి" అనాలి. ఇలా సరిగ్గా రాస్తే ప్రశ్న ఇంకా అందంగా ఉంటుంది, ఆమె ఘనత కూడా పెరుగుతుంది.

"ఏకైక", "మొట్టమొదటి" కనిపించగానే, "ఇది తప్పని నిరూపించే రెండోది ఎక్కడైనా ఉందా?" అని వెతకమని మా పిల్లలకే చెప్తాను. చాలాసార్లు వాళ్లే పట్టుకుంటారు.

కీ_పరిశీలకుడు
నావి పోటీ పరీక్షల అనుభవాలు. కీ మీద అభ్యంతరాలు పెట్టీ పెట్టీ ఒకటి తెలిసింది. ప్రశ్న రాసినప్పుడు సరైన జవాబు, అడిగే రోజుకి తప్పైపోవచ్చు.

"అత్యధిక ఉపగ్రహాలున్న గ్రహం ఏది?" 2023 ఫిబ్రవరిలో గురుగ్రహం 92తో శనిని దాటింది. అదే ఏడాది మే నెలకల్లా శని 145తో మళ్లీ ముందుకొచ్చింది. ఆ తర్వాత ఒకటి, 2025 మార్చిలో ఇంకో 128 కలిసి 274 అయ్యాయి. మూడు నెలల వ్యవధిలో రాసిన రెండు ప్రశ్నపత్రాల్లో రెండు వేర్వేరు కీలు, రెండూ ఆయా రోజుకి సరైనవే. కజకిస్తాన్ రాజధాని చూడండి: అస్తానా 2019లో నూర్ సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ అస్తానా అయింది. పాత బిట్ బ్యాంకు పట్టుకుని ప్రశ్నలు తయారు చేస్తే ఇలాంటి చోట మునుగుతాం.

కాబట్టి మారే అవకాశమున్న ప్రతి ప్రశ్న పక్కనా సరిచూసిన తేదీ రాసుకోండి. ఆరు నెలలు దాటితే మళ్లీ చూడాల్సిందే.

ప్రశ్నల_బుట్ట
తేదీ రాసుకోవడం నేనెప్పుడూ చేయలేదు. ఇవాళే మొదలుపెట్టాను. తేదీల మాటెత్తారు కాబట్టి, "చంద్రుడిపై మనిషి ఏ రోజున కాలుమోపాడు?" అన్నది కూడా నా సెట్‌లో ఉంది. కీలో 1969 జులై 20. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?

కీ_పరిశీలకుడు
ఉందండి. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలుమోపినప్పుడు అమెరికాలో జులై 20 రాత్రి. అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం అప్పటికే జులై 21 తెల్లవారుజామున 2 గంటల 56 నిమిషాలు. సంవత్సరం అడగండి చాలు. తేదీ వల్ల పిల్లలకు కొత్తగా తెలిసేది కూడా ఏమీ లేదు.

న్యూటన్ పుట్టినరోజూ అంతే. అప్పటి ఇంగ్లండ్ క్యాలెండర్‌లో 1642 డిసెంబర్ 25, ఇప్పటి క్యాలెండర్‌లో 1643 జనవరి 4. సంవత్సరం అడిగినా రెండు జవాబులొస్తాయి, కాబట్టి దాన్ని తీసేయడమే మంచిది.

అనువాదకురాలు
విషయంలో తప్పులు అందరూ చెప్తున్నారు, నేను తెలుగు వాక్యం గురించి చెప్తాను. ఇంగ్లిష్ ప్రశ్నల్ని తెలుగులోకి మార్చే పని చాలాకాలం చేశాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది "ఓడించిన". "1950 ఫుట్‌బాల్ ప్రపంచకప్ చివరి మ్యాచ్‌లో బ్రెజిల్ ఓడించిన జట్టు ఏది?" ఇది అచ్చులో వచ్చిన ప్రశ్న. రాసినవారి ఉద్దేశం "బ్రెజిల్‌ను ఓడించిన జట్టు". ఆ "ను" పడిపోయింది, అర్థం తలకిందులైంది. బ్రెజిల్‌ను 2-1తో ఓడించింది ఉరుగ్వే. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదివిన పిల్లవాడు "బ్రెజిల్ గెలవలేదు కదా" అని ఆగిపోతాడు. తెలిసినవాడే నష్టపోతాడు, అదీ నా బాధ. మాట్లాడేటప్పుడు "ను" మింగేసినా సందర్భం కాపాడుతుంది. ప్రశ్నలో కాపాడడానికి ఏమీ ఉండదు. పైగా అదే ప్రశ్నను కొందరు "1950 ఫైనల్లో" అని రాస్తారు. ఆ ఏడాది విడిగా ఫైనల్ అంటూ పెట్టలేదు. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన చివరి రౌండ్‌లో ఆఖరి రోజు మ్యాచ్ అది. డ్రా అయినా బ్రెజిల్‌కే కప్పు దక్కేది.

రెండోది, జవాబును మనమే చెప్పేయడం. "1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఈమె ఎవరు?" అని అడిగి, ఆప్షన్లలో ముగ్గురు మగవాళ్లను పెడతారు. "ఈమె" అన్న మాటతోనే ప్రశ్న అయిపోయింది. "శాస్త్రవేత్త ఎవరు?" అంటే సరిపోయేది.

మూడోది: "అతి పెద్ద చేప ఏది?" కీలో నీలి తిమింగలం! వాడుకలో తిమింగలాన్ని చేప అంటాం, నిజమే. కానీ అది క్షీరదం, పిల్లలకు పాలిస్తుంది. అతి పెద్ద చేప వేల్ షార్క్ అనే సొరచేప.

"కింది వాటిలో సరికానిది కానిది ఏది?" లాంటి ప్రశ్నల గురించి చెప్పాల్సింది లేదు. చూడగానే చించేయండి.

బజర్_నొక్కినవాడు
పాల్గొనేవాడి వైపు నుంచి ఒక మాట. బజర్ రౌండ్‌లో మేం ప్రశ్న పూర్తిగా వినం. మొదటి వాక్యానికే నొక్కేస్తాం. ఒకసారి "రెండుసార్లు నోబెల్ అందుకున్న ఈ శాస్త్రవేత్త..." దగ్గర నొక్కి బార్డీన్ అన్నాను. తప్పన్నారు, మైనస్ ఐదు. మిగతా ప్రశ్నలో "రేడియం" ఉందట, అంటే జవాబు మేరీ క్యూరీ. నేను విన్నంతవరకు నా జవాబులో తప్పేముంది? మొదటి ముక్కతోనే జవాబు ఒక్కటే అయ్యేలా రాయండి, లేదంటే పూర్తిగా చదివాకే బజర్ అని ముందే చెప్పండి.

లెక్కల_పుల్లయ్య
లెక్కల ప్రశ్నలకు జవాబు తిరుగులేనిది అనుకుంటారు. 1999లో బ్రిటన్‌లో పేరున్న ఒక టీవీ క్విజ్‌లో అడిగారు: టెన్నిస్‌లో ఒక సెట్ గెలవడానికి సిద్ధాంతపరంగా కనీసం ఎన్నిసార్లు బంతిని కొట్టాలి? 24 అన్న జవాబును సరైనదని ఒప్పుకున్నారు. ఆరు గేములు, గేముకు నాలుగు పాయింట్లు, లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ మూడు గేముల్లో సర్వీసు అవతలివాడిది. వాడు ప్రతి పాయింట్‌కీ డబుల్ ఫాల్ట్ చేస్తే, అంటే రెండు సర్వీసులూ తప్పుగా వేస్తే, మనం బ్యాటు కదపనక్కర్లేదు. మన సర్వీసు మూడు గేముల్లో నాలుగేసి ఏస్‌లు (అవతలివాడు తాకలేని సర్వీసులు), మొత్తం 12. "కనీసం" అని అడిగినప్పుడు రాసినవాడు అడుగుదాకా వెళ్లి చూడాలి.

"π విలువ ఎంత?" అని అడిగి 22/7, 3.14, 3.1416, పైవేవీ కావు అని ఆప్షన్లు ఇచ్చిన పరీక్షకు నేను కూర్చున్నాను. కీలో 22/7. π ఏ భిన్నానికీ సమానం కాదని 18వ శతాబ్దంలోనే లాంబర్ట్ అనే గణితవేత్త నిరూపించాడు. "పైవేవీ కావు" అన్నవాళ్లకు సున్నా మార్కులు వేశారు.

పాత_కాగితం
తప్పులు ఇంతగా ఎందుకు పాకుతాయంటే, మనం ప్రశ్నలను ప్రశ్నల పుస్తకాల నుంచే తీసుకుంటాం. దీనికి కోర్టు దాకా వెళ్లిన ఉదాహరణ ఉంది. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ రచయిత తన ట్రివియా (చిన్న చిన్న విశేషాల) పుస్తకంలో కావాలనే ఒక అబద్ధం పెట్టాడు: టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. తన పుస్తకాన్ని ఎవరైనా ఎత్తి రాస్తే పట్టుకోవడానికి. ట్రివియల్ పర్‌స్యూట్ అనే క్విజ్ బోర్డు ఆటలో అదే జవాబు వచ్చింది. 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. వాస్తవాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని కోర్టు కొట్టేసింది.

చట్టం సంగతి పక్కన పెట్టండి. ఒకరు కల్పించిన పేరు ఎన్ని ఇళ్లలో సరైన జవాబుగా చలామణీ అయిందో ఆలోచించండి. అంతరిక్షం నుంచి చైనా గోడ మామూలు కంటికి కనిపిస్తుందన్నదీ అలా నలిగినదే. 2003లో వెళ్లొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లీవెయ్ తనకు కనిపించలేదని చెప్పినా, ప్రశ్న ఇంకా తిరుగుతూనే ఉంది. రెండు క్విజ్ పుస్తకాల్లో ఒకే జవాబు ఉంటే రెండు సాక్ష్యాలు అనుకోకండి. ఒకటి రెండోదానికి నకలు కావచ్చు. విజ్ఞాన సర్వస్వమో, ఆ సంస్థ స్వయంగా ప్రకటించినదో చూడండి.

చిన్న_మాట
అందరూ చెప్పేవి ఒప్పుకుంటాను గానీ, ఇన్ని షరతులు పెడితే ప్రశ్న దస్తావేజులా తయారవుతుంది. పదేళ్ల పిల్లలు రెండో వాక్యానికే దారి తప్పుతారు.

అనువాదకురాలు
పొడుగైతే ఆ ప్రశ్న వదిలేయండి. షరతు ఒకటి రెండు మాటల్లో ఇమడాలి: "వేడి", "లోపలి", "సముద్రమట్టం నుంచి". ఇమడకపోతే అదే విషయాన్ని ఇంకో వైపు నుంచి అడగొచ్చు. "అతి పొడవైన నది ఏది?" అంటే నైలా, అమెజానా అని కొలిచేవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు. "నైలు నది ఏ సముద్రంలో కలుస్తుంది?" అని అడగండి. మధ్యధరా. ఇంకో జవాబుకు చోటే లేదు.

ప్రశ్నల_బుట్ట
మూడు రాత్రులు కూర్చున్నాను. రెండు వందల్లో ముప్పై ఏడు తేలాయి. పందొమ్మిది ఒక్క మాటతో బాగుపడ్డాయి, పన్నెండు తీసేశాను, ఆరింటికి కీయే తప్పు. ప్రతి ప్రశ్ననీ మా తమ్ముడికిచ్చి "తప్పు ఆప్షన్‌ను సరైనదని నిరూపించు" అన్నాను. టీచరమ్మ గారి పద్ధతే. నాకు కనిపించనివి వాడు పదకొండు పట్టుకున్నాడు.

నిన్న ఆ పాప చదివే బడికి వెళ్లి, క్లాసులో అందరి ముందూ జవాబు ఆమెదే సరైనదని చెప్పి వచ్చాను. నిర్వాహకులు రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించడానికి ఒప్పుకున్నారు. ఎక్కడ చదివావని అడిగితే, చలి ప్రదేశాల మీద ఒక పుస్తకంలో అంది.

టై బ్రేకర్ ఒక్కటి మిగిలింది: "మనిషి శరీరంలో ఎన్ని ఎముకలుంటాయి?" కీ 206.

సైన్సు_టీచరమ్మ
"పెద్దవారి శరీరంలో సాధారణంగా" అని మార్చండి. పుట్టినప్పుడు ఇంకా ఎక్కువ ఉంటాయి, పెరిగేకొద్దీ కొన్ని కలిసిపోతాయి.

ప్రశ్నల_బుట్ట
మార్చాను. పక్కన ఇవాళ్టి తేదీ కూడా వేశాను.